తాళంచెవి కిరాణా కొట్లో ఉండీది

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదండి, విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు వచ్చి ఒక ఊళ్ళో రామమందిరం వెనకాల రేకుల షెడ్డులో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. మధ్యలో దబ్బుమని సౌండ్ వస్తే కంగారు పడకండి, అది బరువు కింద పడే సౌండ్. నా పక్కనున్న అక్క ఒకప్పుడు స్టేట్ లెవెల్ దాకా వెయిట్‌లిఫ్టింగ్ చేశారు, ఇప్పుడు రోజూ రెండు పూటలా ఇక్కడ ఆడపిల్లలకి నేర్పిస్తున్నారు. పేరు చెప్పొద్దన్నారు, అందుకని అక్క అనే పిలుస్తాను. అక్కా, నమస్తే.

అక్క: నమస్తే బాబూ. పేరు ఎందుకొద్దన్నానంటే, నా పేరు చెప్పీసరికి అంతా నేనొక్కదాన్నే చేసినట్టు అయిపోద్ది. అలగ కాదు కదా ఇది.

హోస్ట్: ఆ మాట గురించే వచ్చానక్కా. మన దగ్గర ఎవరైనా గెలిస్తే "పట్టుదల ఉంటే చాలు, ఏదైనా సాధించొచ్చు" అని స్టేటస్‌లు పెడతారు. మీరేమో ఫోన్‌లో నాతో, పట్టుదల ఉండి కూడా ఆగిపోయినోళ్ళని చాలామందిని చూశానన్నారు.

అక్క: చూశాను. నాకన్నా బాగా ఎత్తీవాళ్ళు ఇద్దరు ఉండీవారు మా బ్యాచ్‌లో. ఒకమ్మాయికి పదో తరగతి అవ్వగానే పెళ్ళి చేసీసినారు, ఇంకొకమ్మాయి వాళ్ళ ఇంట్లోవాళ్ళు పనికోసం మద్రాసు వెళ్ళిపోతే వాళ్ళతో వెళ్ళిపోయింది. వాళ్ళకి పట్టుదల లేదా? నాకన్నా ఎక్కువే ఉండీది.

హోస్ట్: మొదట్నుంచి చెప్పండి. అసలు ఈ ఇనుము మీద మనసెలా పడింది?

అక్క: 2000 సంవత్సరం. నేను ఆరో తరగతి. మా ఇంట్లో టీవీ లేదు, ఎదురింట్లో ఉండీది. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి గారికి కాంస్యం వచ్చిందని న్యూస్‌లో చూపిస్తుంటే ఆ గుమ్మం దగ్గర ఎంతమందిమి నిలబడిపోనామో. ఆవిడది మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కదా, "మన శ్రీకాకుళం గుంటే, మన పిల్లే" అని మా నానమ్మ అందరికీ చెప్పీది, విజయనగరంలో ఉండి మరీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడు మొదటిసారి, మన దేశం ఆడవాళ్ళలో ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొదటి మనిషి ఆవిడే. నేల మీంచి ఒక్క ఊపున తలపైకి ఎత్తీసే స్నాచ్‌లో 110, ముందు భుజాల మీదకి తెచ్చి తర్వాత పైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు.

హోస్ట్: నోటికొచ్చేసినట్టున్నాయి లెక్కలు.

అక్క: మా పిల్లలందరికీ నోటికొచ్చు. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ 240 కాదు, దాని తర్వాతది. 130 ఎత్తేశాక చివరి అటెంప్ట్‌కి బంగారం కోసం 137.5 కిలోలు పెట్టించుకున్నారు. అది అవలేదు. మెడల్ చేతిలో ఉన్నాది కదా, ఇంకా ఎందుకు అంత బరువు అడిగింది అని మా ఎదురింటాయన అంటే నాకు కోపం వచ్చీసింది. పన్నెండేళ్ళ పిల్లని, ఏటి తెలుసు నాకు? కానీ అడగడమే గొప్ప అని లోపల అనిపించింది.

హోస్ట్: ఆవిడని కూడా మొదట్లో సన్నగా ఉన్నావు వద్దన్నారని, వాళ్ళమ్మ గారే ధైర్యం చెప్పారని విన్నాను.

అక్క: అవును, ఆవిడ ఇంటర్వ్యూల్లో చెప్పారు. అక్కచెల్లెళ్ళు కూడా ఎత్తీవారు ఆ ఇంట్లో. అంటే చూడు, ఒలింపిక్స్ దాకా వెళ్ళిన మనిషికి కూడా వెనకాల ఒక అమ్మ, ఒక కోచ్, పక్కన అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ఇక మా మండలంలోనే కొండవెలగాడ ఉంది కదా, ఆ ఊరు ఊరే లిఫ్టింగ్ ఊరు. 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్‌లో మత్స సంతోషి 53 కిలోల విభాగంలో ఎత్తింది ఆ ఊరి నుంచి వెళ్ళే. ముందు కాంస్యం ఇచ్చారు, మొదటొచ్చిన నైజీరియా అమ్మాయి డోప్ టెస్టులో దొరికిపోతే తర్వాత సంతోషిది వెండి అయింది. ఒక ఇంట్లో అక్క ఎత్తితే పక్కింట్లో చెల్లి ఎత్తాలని చూస్తుంది, అలగ పాకుతుంది ఇది.

హోస్ట్: మన వైపు తాలింఖానాలు, అంటే వ్యాయామశాలలు, ముందు నుంచీ ఉన్నాయి కదా, మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారిది వీరఘట్టం, శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. కానీ అవి మగపిల్లలకి.

అక్క: అదే చెప్తున్నాను. మగపిల్లాడు గోదా దగ్గరకెళ్తే ఎవరూ అడగరు. నేను వెళ్తానంటే మా నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. ఆయన రైసు మిల్లులో కళాసీ. బస్తాలు మోసి మోసి మెడ దగ్గర కాయ కాసిపోనాది. "నేను మోసింది చాలదా, నువ్వు కూడా బరువులు మొయ్యాలా" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు బాబూ.

హోస్ట్: మరి ఎలా ఒప్పుకున్నారు?

అక్క: ఆర్మీలో చేసి వచ్చిన మా ఊరాయన ఒకాయన ఉండీవారు, అక్కడ లిఫ్టింగ్ చేశారట. ఆయన వచ్చి నాన్నతో ఒక్కటే అన్నారు, "నువ్వు మోసేది మిల్లు కోసం, ఇది తన కోసం" అని. అంతే. అప్పుడు మా దగ్గర బార్ లేదు. ఇనుప పైపుకి రెండు వైపులా డబ్బాల్లో సిమెంటు పోసి బిగించాం. ఒక డబ్బా బరువెక్కువ ఒక డబ్బా తక్కువ, దాంతో ఏడాది చేశాను. నిజం బార్ ఆడవాళ్ళది 15 కిలోలు ఉంటాది, సన్నగా ఉంటాది, చేతికి పడతాది. ఆ పైపు లావు. బొటనవేలు లోపల పెట్టి మిగతా వేళ్ళు దానిమీద బిగించాలి, హుక్ గ్రిప్ అంటాం, లావు పైపుకి అలగ పట్టీసరికి గోరు నల్లగా అయిపోయీది. అరచేతి తోలు ఊడిపోయీది. అదే చేత్తో మర్నాడు కోతకి వెళ్ళి కొడవలి పట్టాల. మాయమ్మ రాత్రి కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టీది, మానీమని ఒక్కరోజు అనలేదు.

హోస్ట్: ఎక్కడ చేసేవారు? ఈ షెడ్డు అప్పుడు లేదు కదా.

అక్క: లేదు. అమ్మవారి పండక్కి పందిరి సామాను, డప్పులు, పెద్ద పెద్ద గుండిగలు పెట్టీ గది ఒకటి ఉండీది, అందులో సగం మాకు ఇచ్చారు. తాళంచెవి కిరాణా కొట్లో మేకుకి తగిలించి ఉండీది, ఆ కొట్టు తాతే పండగ కమిటీలో పెద్ద. పొద్దున్న ఐదింటికి వెళ్ళి తాతని లేపి తాళంచెవి తీసుకోవాల. చలికాలంలో కూడా లేచి ఇచ్చీవారు, ఒక్క మాట అనీవారు కాదు. ఆ గది పక్కింటి ముసలమ్మ మాత్రం పెద్ద గొడవ పెట్టింది, మేం బరువు కింద పడేస్తుంటే ఆవిడ మట్టిగోడ బీటతీసింది. న్యాయమే కదా ఆవిడది! మా నాన్న, ఇంకో నలుగురు కలిసి ఆ గోడ మళ్ళీ పెట్టారు, లారీ షెడ్డు నుంచి పాత టైర్లు తెచ్చి కోసి, కింద ఇసక పోసి దానిమీద పరిచారు. అప్పటి నుంచి సౌండ్ తగ్గింది, గోడ నిలబడింది. అదే గోడ, ఇప్పటికీ ఉంది, వెళ్ళేటప్పుడు చూపిస్తాను.

హోస్ట్: మీరు ఫోన్‌లో ఒక సెలెక్షన్స్ గురించి చెప్పారు. అది చెప్తారా, ఇబ్బంది లేకపోతేనే.

అక్క: చెప్తాను. నాకు పంతొమ్మిదేళ్ళు. మంచి ఊపులో ఉన్నాను. సెలెక్షన్స్‌కి రమ్మంటే రైల్లో జనరల్‌లో రాత్రంతా కూర్చుని వెళ్ళాను, బరువు పెరిగిపోతానని నీళ్ళు కూడా తాగకుండా. అక్కడికెళ్తే లిస్టులో నా పేరు లేదు. నా ఫారం పంపాల్సినవాళ్ళు పంపలేదు. ఎవరిదో నేను చెప్పను, ఇప్పుడు చెప్పి ఏటి లాభం. మధ్యాహ్నం దాకా గేటు దగ్గర నిలబడి మళ్ళీ రైలెక్కీసినాను. ఊరికి వచ్చేసరికి రాత్రి పది. బస్టాప్‌లో మా ఊరి ఆటో ఉంది. ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చున్నాడతను. ఏమైందని అడగలేదు, నేను చెప్పలేదు. ఇంట్లో కూడా అన్నం పెట్టారు, అడగలేదు. ఇక మానేద్దామని పడుకున్నాను, నిజంగా, ఆ రాత్రి మానేసినట్టే.

హోస్ట్: ఆ తర్వాత?

అక్క: పొద్దున్న ఐదింటికి తలుపు కొడుతున్నారు. తీస్తే కొట్టు తాత. నేను ఎప్పుడూ వెళ్ళి లేపీదాన్ని కదా, ఆరోజు ఆయనే లేచి దుప్పటి కప్పుకుని వచ్చారు, చేతిలో తాళంచెవి. "ఏమ్మా, ఈరోజు బేగి తియ్యవా గది?" అన్నారు. అంతే అన్నారు. (కాసేపు మౌనం) నేను తీసుకున్నాను.

హోస్ట్: ...

అక్క: ఇప్పుడు చెప్పు, ఆ పట్టుదల నాదా, తాతదా? తర్వాత స్టేట్‌లో మెడల్ వచ్చింది, దాని తర్వాత రెండేళ్ళకి భుజం పోయింది, ఆపరేషన్‌కి డబ్బుల్లేవు, ఆపీసినాను. కానీ ఆ రెండేళ్ళు నాకు ఉన్నాయి కదా. ఆరోజు మానేసుంటే అవి ఉండీవి కావు.

హోస్ట్: నేర్పించడం ఎలా మొదలైంది?

అక్క: ముగ్గురు గుంటలు వచ్చి నేర్పమన్నారు, పెళ్ళయి ఇదే ఊళ్ళో ఉన్నాను కాబట్టి సరే అన్నాను. ఈసారి మాత్రం పైపుతో చేయించకూడదని ఊరందర్నీ అడిగాను. ఆ ఏడు అమ్మవారి పండగ చందాలో మిగిలింది ఇచ్చారు, హైదరాబాద్‌లో పనిచేస్తున్న మా ఊరి కుర్రాళ్ళు వాట్సాప్ గ్రూపులో కొంత వేశారు, విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్ బార్, ప్లేట్లు దొరికాయి. రేకులు ఒకరు, సిమెంటు ఒకరు. షెడ్డు వేసింది కూడా మేమే, కూలీ ఇవ్వలేదు ఎవరికీ.

హోస్ట్: తిండి సంగతి? బరువులు ఎత్తాలంటే తినాలి కదా.

అక్క: అదే అసలు కష్టం, జనం పట్టించుకోరు. ఎవరైనా గెలిచి వస్తే శాలువా కప్పి ఫోటో తీయించుకుంటారు, మంచిదే, కానీ ఆ పిల్లకి శాలువా కావాల్సింది కాదు, గెలవకముందు మూడేళ్ళు రోజుకి నాలుగు గుడ్లు కావాల. అందుకే మా ఊళ్ళో వంతులు పెట్టాం. రోజుకో ఇల్లు. గుడ్లు తిననివాళ్ళు ఉలవలో పెసలో ఇస్తారు. పొద్దున్న చోడి అంబలి, అదే రాగి అంబలి, మాత్రం ఆ ముసలమ్మ కోడలు తెస్తాది, గోడ పగిలిన ఇంటావిడ కోడలు. కొట్లో ఒక పుస్తకం ఉంది, ఎవరి వంతు ఎప్పుడో రాసి ఉంటాది. ఇచ్చినవాళ్ళు సాయంత్రం వచ్చి చూస్తారు, మా గుడ్డు తిన్న పిల్ల ఎంత ఎత్తిందని!

హోస్ట్: ఎత్తని వాళ్ళకి, అంటే మెడల్స్ రానివాళ్ళకి, దీనివల్ల ఏం వచ్చిందంటారు? ఇంత చేసిన ఊరికి?

అక్క: మంచి మాట అడిగావు. ఉద్యోగాలు వచ్చినవాళ్ళు ఉన్నారు, ఒకమ్మాయి పోలీసు, ఒకమ్మాయి నర్సు. కానీ నేను చెప్పేది వేరేది. రెండేళ్ళ క్రితం ఎండాకాలం, ఉపాధి పనిలో చెరువు పూడిక తీస్తున్నాం. మాయమ్మ, ఇంకా ఆడవాళ్ళందరూ తట్ట ఎత్తడానికి నడుం వంచి లాగుతున్నారు, సాయంత్రానికి ఒక్కరు నిటారుగా నిలబడలేరు. మా షెడ్డులో పిల్ల ఒకత్తి, పద్నాలుగేళ్ళుంటాయి, వాళ్ళమ్మకి మజ్జిగ పట్టుకొచ్చింది. చూసి ఊరుకోలేదు. "అమ్మా, నడుం కాదు, మోకాళ్ళు వంచు. కూర్చో. తట్ట ఒంటికి దగ్గరగా పెట్టుకో. రొమ్ము పైకి పెట్టు, ఊపిరి పట్టు, ఇప్పుడు కాళ్ళతో లే" అని అచ్చం నేను చెప్పినట్టే చెప్తోంది. వాళ్ళమ్మ లేచింది. ఇంకొకావిడ నాకు చూపించమంది. గట్టు మీద పదిమంది ఆడవాళ్ళు, అరవై ఏళ్ళ మాయమ్మతో సహా, చీర కుచ్చిళ్ళు దోపుకుని డెడ్‌లిఫ్ట్ నేర్చుకుంటున్నారు బాబూ! నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చీసినాయి. జన్మంతా బరువులు మోసిన వాళ్ళకి బరువు ఎలగ ఎత్తాలో ఎవరూ చెప్పలేదు. మా నాన్నకి కూడా ఎవరూ చెప్పలేదు.

హోస్ట్: నాన్నగారు ఇప్పుడు...

అక్క: లేరు. నాలుగేళ్ళయింది. చివరి రోజుల్లో కుర్చీ వేయించుకుని ఇక్కడే, ఆ తలుపు దగ్గర కూర్చునీవారు. పిల్లలు ఎత్తుతుంటే మెడ నిమురుకుంటూ చూసీవారు.

(బయట నుంచి ఒకమ్మాయి గొంతు: అక్కా, ప్లేట్లు ఎక్కించీమంటావా?)

అక్క: ఎక్కించు. బాబూ, ఈ గుంట ఈరోజు మొదటిసారి క్లీన్ అండ్ జర్క్‌లో 60 ట్రై చేస్తానంది. మైకు ఇటు తిప్పుతావా?

హోస్ట్: తిప్పుతున్నాను. వినేవాళ్ళకి చెప్తున్నాను, అమ్మాయి చేతులకి చాక్ పొడి రాసుకుంటోంది, తలుపు దగ్గర ఓ పదిహేను మంది నిలబడ్డారు, ఎవరూ మాట్లాడట్లేదు. వంగింది. భుజాల మీదకి వచ్చింది... లేచింది... పైకి...

(దబ్బుమని సౌండ్)

హోస్ట్: అయ్యో. పడిపోయింది.

అక్క: మోచెయ్యి వంగింది, అంతే. ఏం పర్లేదమ్మా, కూర్చో, నీళ్ళు తాగు. బాబూ, రికార్డింగ్ ఆపకు. మూడు నిముషాలు రెస్ట్ ఇచ్చి మళ్ళీ ఎత్తుతాది.

హోస్ట్: ఆపను అక్కా.