మూడో బేస్ దగ్గర ఆగిపోయిన మనిషి

సభకు నమస్కారం.

గెలుపోటముల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను మాత్రం ఒక్క ఓటమి గురించే చెప్పదలచుకున్నాను. మన ఊళ్లలో ఎవరూ పెద్దగా చూడని బేస్‌బాల్ ఆటలో, 1991 అక్టోబర్‌లో, అమెరికాలో జరిగిందది. ఇన్నేళ్లయినా ఆ ఓటమి భారం ఒకే మనిషి, లానీ స్మిత్ నెత్తిన ఉంది. అది అన్యాయమని నా గట్టి నమ్మకం.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఆ ఆట గురించి రెండు మాటలు చాలు. పిచర్ బంతి విసురుతాడు, బ్యాటర్ కొడతాడు. కొట్టినవాడు మూడు బేస్‌లూ చుట్టి, బయల్దేరిన చోటికే, అంటే హోమ్ ప్లేట్‌కే తిరిగొస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్. అప్పటికీ సమంగా ఉంటే ఎవరో ఒకరు గెలిచేదాకా ఆట సాగాల్సిందే. ఫైనల్‌కు వరల్డ్ సిరీస్ అని పేరు. ఏడు మ్యాచ్‌లలో ముందుగా నాలుగు గెలిచినవాళ్లదే కప్పు.

ఆ ఏడాది ఫైనల్‌కు వచ్చినవి మిన్నెసోటా ట్విన్స్, అట్లాంటా బ్రేవ్స్. అంతకు ముందటి ఏడు ఈ రెండూ తమ తమ డివిజన్లలో ఆఖరి స్థానంలో ఉన్న జట్లు. అట్టడుగు నుంచి లేచొచ్చిన ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఏడు మ్యాచ్‌లూ జరిగాయి. ఏడింటిలోనూ సొంత ఊళ్లో ఆడినవాళ్లే గెలిచారు. ఐదు మ్యాచ్‌లు ఒక్క పరుగు తేడాతో తేలాయి. మూడు అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్లాయి. మొత్తం పరుగులు కూడితే బ్రేవ్స్‌వి 29, ట్విన్స్‌వి 24. అంటే ఎక్కువ పరుగులు చేసిన జట్టే ఓడిపోయింది. ఐదో మ్యాచ్ ఒక్కదాంట్లోనే బ్రేవ్స్ 14 కొట్టారు మరి. ఆ పరుగుల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, ఏడో రోజుకు దాచుకునే వీలుంటే ఎంత బాగుండేదో!

ఆరో మ్యాచ్ ట్విన్స్ ఆటగాడు కిర్బీ పకెట్‌ది. మైదానం చివరి గోడ మీదికి ఎగిరి ఒక క్యాచ్ పట్టాడు, పదకొండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి, అంటే బంతిని ఆ గోడ దాటించి, మ్యాచ్ ముగించాడు. ఆ బంతి విసిరిన చార్లీ లైబ్రాంట్ ఆ సీజన్‌లో బ్రేవ్స్‌ను 15 మ్యాచ్‌లు గెలిపించిన పిచర్. ఇప్పుడు అతని పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది మాత్రం ఆ ఒక్క బంతే.

ఇక ఏడో మ్యాచ్. అక్టోబర్ 27, మినియాపొలిస్‌లోని మెట్రోడోమ్. పైకప్పు ఉన్న స్టేడియం కాబట్టి అరుపులు బయటికి పోవు, లోపలే గింగిరాలు కొడతాయి. యాభై ఐదు వేల మంది తెల్ల రుమాళ్లు ఊపుతున్నారు. ట్విన్స్ పిచర్ జాక్ మోరిస్‌కు 36 ఏళ్లు, పక్కనున్న సెయింట్ పాల్ ఊరివాడే. బ్రేవ్స్ పిచర్ జాన్ స్మోల్ట్జ్‌కు 24. చిన్నప్పుడు మోరిస్ ఆట చూస్తూ పెరిగిన కుర్రాడు. ఏడు ఇన్నింగ్స్ గడిచినా ఇద్దరిలో ఎవరూ ఒక్క పరుగు ఇవ్వలేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ ఆటగాడు లానీ స్మిత్ మొదటి బేస్ చేరాడు. తర్వాత టెర్రీ పెండిల్టన్ దూరంగా, గోడ దాకా కొట్టాడు. స్మిత్ పరుగు అప్పటికే మొదలైంది. మామూలుగా అయితే హోమ్ ప్లేట్ దాకా వచ్చేయాలి. కానీ రెండో బేస్ దగ్గర నాబ్లాక్, గాన్యే అనే ఇద్దరు ఫీల్డర్లు బంతి తమ దగ్గరే ఉన్నట్టు నటించారు. స్మిత్ ఆగాడు. అటూ ఇటూ చూసి, తేరుకుని మళ్లీ పరుగెత్తేసరికి మూడో బేస్ దాకానే రాగలిగాడు. తాను మోసపోలేదనీ, బంతి ఎటు పోయిందో కనిపించలేదనీ తర్వాత చెప్పాడు. ఆ స్టేడియం తెల్లటి పైకప్పు కింద బంతి కనిపించక ఇబ్బంది పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు.

చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. ‘స్మిత్ ఆగాడు, బ్రేవ్స్ ఓడారు’ అంటారు. దయచేసి ఇంకొంచెం ముందుకు చూడండి. స్మిత్ మూడో బేస్ మీద, పెండిల్టన్ రెండో బేస్ మీద ఉన్నారు. ఒక్కరూ అవుట్ కాలేదు. బ్రేవ్స్‌కు కావాల్సింది ఒక్క పరుగు. బంతి గాల్లో కాస్త దూరం వెళ్లి క్యాచ్ అయినా స్మిత్ ఇంటికి చేరేవాడు. రాన్ గాంట్ నేలబారుగా కొట్టి అవుటయ్యాడు. డేవిడ్ జస్టిస్‌కు మోరిస్ కొట్టే వీల్లేని బంతులు నాలుగు వేసి, కావాలనే మొదటి బేస్ మీదికి పంపేశాడు. తర్వాత సిడ్ బ్రీమ్ నేలబారుగా కొట్టిన బంతి నేరుగా మొదటి బేస్ దగ్గరున్న ట్విన్స్ ఫీల్డర్ హర్బెక్ చేతికి పోయింది. అక్కడి నుంచి హోమ్ ప్లేట్‌కు, స్మిత్ అవుట్. మళ్లీ హర్బెక్‌కు, బ్రీమ్ అవుట్. ఒకే దెబ్బకు ఇద్దరు అవుట్. అవకాశం పోగొట్టుకున్నది ఒక్కడు కాదు. అదే ఇన్నింగ్స్‌లో ట్విన్స్ కూడా మూడు బేస్‌ల నిండా మనుషుల్ని పెట్టుకుని ఏమీ చేయలేకపోయారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే వాళ్లు గెలిచారు.

ఇంకో మాట. మూడు, నాలుగు, ఐదు మ్యాచ్‌లలో వరసగా ఒక్కో హోమ్ రన్ కొట్టింది ఈ స్మిత్తే. అందులో మూడోదీ, నాలుగోదీ బ్రేవ్స్ గెలిచింది ఒక్క పరుగు తేడాతోనే. ఏడో మ్యాచ్ దాకా జట్టును మోసుకొచ్చినవాళ్లలో అతనూ ఒకడు.

2019 జులై 14న లార్డ్స్‌లో జరిగింది మీరంతా చూసే ఉంటారు. మ్యాచ్ సమం, సూపర్ ఓవర్ సమం, చివరికి 26 బౌండరీలు 17 కంటే ఎక్కువని కప్పు ఇంగ్లండ్‌కు ఇచ్చారు. ఆ రాత్రి న్యూజిలాండ్ వాళ్లలో తప్పు ఎవరిదో వెతకడానికి నాకు మనసొప్పలేదు. స్మిత్ విషయంలో నా బాధ కూడా అదే.

మోరిస్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక మేనేజర్ టామ్ కెల్లీ ఇక చాలన్నాడు. మోరిస్ ఒప్పుకోలేదు. పదోది కూడా తానే వేశాడు, మొత్తం 126 బంతులు. ఆ ఇన్నింగ్స్‌లో ట్విన్స్ వంతు వచ్చినప్పుడు వాళ్ల ఆటగాడు గ్లాడెన్ బ్యాట్ విరిగినా రెండో బేస్ చేరాడు, అక్కడి నుంచి మూడోదానికి జరిగాడు. మోకాలి నొప్పితో బెంచి మీదున్న జీన్ లార్కిన్‌ను పిలిచారు. ముందుకు జరిగి నిలబడ్డ ఫీల్డర్ల తలల మీదుగా అతను కొట్టాడు, గ్లాడెన్ ఇంటికి చేరాడు. ఒకటి – సున్నా.

మరుసటి ఏడు బ్రేవ్స్ మళ్లీ ఫైనల్‌కు వచ్చారు. ఈసారి ఎదురుగా టొరంటో, మోరిస్ ఇప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 1992 అక్టోబర్ 22, టొరంటోలో ఐదో మ్యాచ్, ఐదో ఇన్నింగ్స్. మోరిస్ మళ్లీ డేవిడ్ జస్టిస్‌ను కావాలనే బేస్ మీదికి పంపాడు. మూడు బేస్‌లూ నిండాయి. తర్వాత బ్యాట్ పట్టుకుని వచ్చింది లానీ స్మిత్. మోరిస్ వేసిన బంతిని గోడ దాటించాడు. ముందు ముగ్గురు, వాళ్ల వెనక తనూ, రెండో బేస్ దగ్గర ఆగాల్సిన పని లేకుండా, నలుగురూ ఇంటికి చేరారు.