టైమ్ లూప్‌లో 'మళ్లీ' అనేదే లేదు

(తెరపై: గడియారంలో ఉదయం 6 గంటలు. అలారం మోగుతుంది. తెర నల్లబడుతుంది. మళ్లీ 6 గంటలు, అదే అలారం.)

ఒకడు నిద్ర లేస్తాడు. నిన్నటి రోజే మళ్లీ మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్లు నిన్న అన్న మాటలే అంటున్నారు. అతనికి మాత్రం అంతా గుర్తుంది.

ఇలాంటి కథలు మనకు బాగా అలవాటు. నిజంగా ఇలా జరుగుతుందా? ఈ కథలో ఉన్నట్టు మాత్రం జరగదు. అయితే కాలం వెనక్కి వంగి మొదలైన చోటికే చేరే లూప్ ఒకటి, గురుత్వాకర్షణ గురించి ఐన్‌స్టైన్ రాసిన సమీకరణాల్లోనే ఉంది. అది ఏ కథకన్నా వింతైనది.

(తెరపై: విమానంలో అణు గడియారాలు.)

కాలం అందరికీ ఒకే వేగంతో నడవదని ముందు ఒప్పుకోవాలి. 1971లో హాఫెలీ, కీటింగ్ అనే శాస్త్రవేత్తలు అతి కచ్చితమైన అణు గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా తిరిగొచ్చేసరికి అవి నేల మీది గడియారాలకంటే సుమారు 59 నానోసెకన్లు (సెకనులో వందకోట్లో వంతు ఒక నానోసెకను) వెనకబడ్డాయి. పడమరగా తిప్పినప్పుడు సుమారు 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి. వేగాన్ని బట్టి, గురుత్వాకర్షణను బట్టి కాలం నడక మారుతుందన్నమాట.

మరి నడక మారే కాలం, దారి మార్చుకుని వెనక్కి కూడా తిరుగుతుందా?

1949లో తర్కవేత్త కర్ట్ గోడెల్ తిరుగుతుందని లెక్కగట్టి చూపించాడు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టైన్‌కి ఆప్తమిత్రుడు ఆయన. విశ్వం మొత్తం గిర్రున తిరుగుతోందని అనుకుని అవే సమీకరణాలను సాధిస్తే, కాంతి వేగాన్ని ఎక్కడా దాటకుండా, ఎప్పుడూ ముందుకే ప్రయాణిస్తూ, బయల్దేరిన క్షణానికే చేరుకోవచ్చని తేలింది. మన విశ్వం అలాంటిది కాదు. ఇది వ్యాకోచిస్తోంది, గోడెల్ విశ్వం వ్యాకోచించదు. కానీ ఆ లెక్కలో తప్పు లేదు. స్నేహితుడి సిద్ధాంతంలోనే ఇలాంటి తలుపు ఉందని ఆయన చూపించిన తీరు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

(తెరపై: వార్మ్‌హోల్. రెండు నోళ్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో గడియారం.)

1988లో భౌతిక శాస్త్రవేత్తలు కిప్ థోర్న్, మోరిస్, యుర్ట్‌సెవర్ ఇంకో దారి చూపించారు. ఒక వార్మ్‌హోల్, అంటే రెండు దూరపు చోట్లను కలిపే సొరంగం లాంటి అడ్డదారి, ఉందనుకోండి. ఒక నోరు ఇక్కడే ఉంటుంది. రెండోదాన్ని కాంతి వేగానికి దగ్గరగా తిప్పి తెచ్చారు. ఇక్కడ 10 ఏళ్లు గడిచాయి, తిరిగొచ్చిన నోటికి 1 ఏడాదే గడిచింది. లోపలి దారిలో మాత్రం రెండు గడియారాలూ కలిసే నడుస్తాయి. కాబట్టి తిరిగొచ్చిన నోట్లోంచి లోపలికెళ్తే, ఇక్కడి నోటి గడియారంలో 1 ఏడాది పూర్తయిన రోజున బయటికొస్తారు. అంటే 9 ఏళ్లు వెనక్కి. ఈ యంత్రం తయారవక ముందటి కాలానికి మాత్రం ఎవరూ వెళ్లలేరు.

ఇప్పుడు ఇందులోకి ఒక బిలియర్డ్ బంతిని వదులుదాం.

(తెరపై: బంతి దారి ఒకే గీతగా.)

బంతి లోపలికెళ్లి, కాస్త ముందటి సమయంలో బయటపడి, ఇంకా లోపలికెళ్లని తననే ఢీకొట్టి పక్కకు నెట్టేసిందనుకోండి. అప్పుడు అది లోపలికే వెళ్లదు. వెళ్లకపోతే ఢీకొట్టిందెవరు? 1991లో థోర్న్ బృందం దీన్ని శ్రద్ధగా లెక్క వేసింది. తేలిందేమిటంటే, ఆ బంతి గట్టిగా కొట్టాల్సిన పనిలేదు. బయటికొచ్చిన బంతి పాత బంతిని అలా ఒరుసుకుంటూ పోతుంది. దాంతో పాతది కొద్దిగా పక్కకు జరిగి లోపలికెళ్తుంది. అలా జరిగి వెళ్లడం వల్లే, బయటికొచ్చాక ఒరుసుకుంటూ మాత్రమే పోతుంది. వైరుధ్యం లేదు. పైగా ఇలా పొసిగే దారులు ఒకటి కాదు, అనంతంగా ఉన్నాయి.

ఆ గీతను జాగ్రత్తగా చూడండి. 'మొదటిసారి' ఢీకొనకుండా పోవడం, 'రెండోసారి' ఢీకొనడం అంటూ లేవు. ఆ ఘటన జరిగింది ఒక్కసారే.

ఇక మన కథానాయకుడి సంగతి. అతను 6 గంటలకు తిరిగొస్తే, అక్కడ మంచం మీద ఇంకో తను నిద్రపోతూ ఉండాలి. ఇంకో చుట్టు తిరిగితే గదిలో ముగ్గురు. అంతేకాదు, అసలు మొదట కళ్లు తెరిచినప్పుడే, పక్కన తనలాంటి ఇద్దరు నిలబడి ఉండటం చూసి ఉండాలి.

అలా కాకుండా మొత్తం జీవితమే లూప్‌లో ఉంటే? ఒక వాచీ ఉంది, దానికి లూప్ తప్ప వేరే గతం లేదు. దారిలో అద్దం మీద గీత పడింది, బ్యాటరీ అయిపోయింది. చుట్టు పూర్తయ్యేసరికి అది మొదటి వాచీయే అవ్వాలి. అంటే ఆ గీత మాసిపోవాలి, బ్యాటరీ తిరిగి నిండాలి. ఎంట్రోపీ, అంటే వస్తువుల్లోని చెదురుదనం, పెరిగి, మళ్లీ అంతా తగ్గిపోవాలి. 2024లో భౌతిక శాస్త్రవేత్త లొరెంజో గవాసినో క్వాంటమ్ లెక్కలతో, అంటే అణువుల స్థాయిలో పనిచేసే నియమాలతో, ఇదే చూపించారు. మెదడులోని జ్ఞాపకాలకీ ఇదే గతి. కథలో హీరోకి మిగిలేది జ్ఞాపకం ఒక్కటే. లూప్‌లో అన్నిటితో పాటు అదీ చెరిగిపోతుంది.

(తెరపై: వార్మ్‌హోల్ నోటి దగ్గర వెలుగు పెరుగుతూ ఉంటుంది.)

ఇలాంటిది కట్టగలమా? వార్మ్‌హోల్ మూసుకుపోకుండా నిలవాలంటే రుణాత్మక శక్తి, అంటే సున్నా కన్నా తక్కువ శక్తి, కావాలి. రెండు లోహపు పలకల్ని అతి దగ్గరగా ఉంచితే వాటి మధ్య అది రవ్వంత ఏర్పడుతుందని 1948లో భౌతిక శాస్త్రవేత్త కాసిమిర్ వేసిన లెక్క చెబుతుంది. మనిషి దూరేంత దారిని నిలబెట్టడానికి అది ఏ మూలకూ చాలదు.

అసలు అడ్డంకి 1992లో స్టీఫెన్ హాకింగ్ చెప్పింది. శూన్యంలో కూడా క్వాంటమ్ అలజడి ఆగదు. లూప్ ఏర్పడబోయే క్షణంలో ఆ అలజడి అందులోనే తిరిగి తిరిగి తన మీద తానే పేరుకుంటుంది. శక్తి హద్దు లేకుండా పెరిగి, లూప్ పూర్తవకముందే దారిని కూల్చేస్తుందని ఆయన ఊహ. నాకూ ఇదే సరైనదనిపిస్తుంది. కానీ ఇది ఇంకా రుజువు కాలేదు. సరిగ్గా లూప్ మొదలయ్యే సరిహద్దు దగ్గర మన క్వాంటమ్ లెక్కలే చెల్లవని 1997లో కే, రాడ్జికోవ్‌స్కీ, వాల్డ్ నిరూపించారు. అక్కడేం జరుగుతుందో చెప్పడానికి గురుత్వాకర్షణకూ క్వాంటమ్ సిద్ధాంతం కావాలి. అది ఇంకా మన చేతికి రాలేదు.