ఐదవ వంతు

(ఒడిశాలోని గుణుపురం ప్రాంతంలో ఒక తెలుగు క్రైస్తవ సంఘం శ్రమకాలంలో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజుల్లో, జరిపిన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరు అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అమ్మలకు, వెనక చాపల మీద కూర్చున్న సవర గిరిజన తల్లులకు ప్రభువు నామంలో వందనాలు. శ్రమకాలంలో శాలువాలు వద్దన్నాను, మన్నించి ఊరుకున్నారు, సంతోషం. ఉపవాసం, ఆత్మ పరిశోధన, దానధర్మం అని మూడు భాగాలుగా 20 నిమిషాల్లో చెప్పమన్నారు. ప్రయత్నిస్తాను.

ఉపవాసం సంగతి చప్పున ముగిద్దాం. ఈ ఏడు, 2026లో, శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, ఈస్టరు ఏప్రిల్ 5. ఈస్టరుకు ముందు 46 రోజులు. అందులో 6 ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం ప్రభువు లేచిన రోజు కాబట్టి లెక్కలోకి రాదు. ఆ రోజు కూడా కడుపు మాడ్చుకుని సోమవారం నలుగురికీ చెప్పుకోవడం, ఉపవాసం మనుషులకు కనబడనివ్వొద్దన్న మత్తయి 6వ అధ్యాయానికి నేరుగా ఎదురు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా పూట మానకండి. తిండి మానేసి మాత్ర మాత్రం వేసుకుంటే షుగరు పడిపోతుంది, చెమటలు పడతాయి, ఒళ్ళు వణుకుతుంది. దాన్ని ఆత్మావేశం అనుకుని పక్కవాళ్ళు పాట అందుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఆత్మ పరిశోధన. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తినకముందు మనిషి "తన్ను తాను" పరీక్షించుకోవాలని పౌలు కొరింథువాళ్ళకు రాశాడు. తన్ను తాను. తోటికోడల్ని కాదు.

ఎలా చేయాలి? రాత్రి పిల్లలు పడుకున్నాక 15 నిమిషాలు చాలు. ఫోను ఇంకో గదిలో పెట్టండి. ఒక నోటు పుస్తకం తీసుకుని పేజీని నాలుగు గళ్ళు చేయండి: ఎవరికి, ఏం చేశాను, ఎప్పుడు, ఎంత. "నేను కోపిష్టిని" అని రాయకండి. అది పాపం కాదు, బిరుదు. "మంగళవారం పొద్దున పాలవాడిని పదిమందిలో దొంగ అన్నాను" అని రాయండి. అలా రాస్తే బుధవారం ఎవరి గుమ్మంలో నిలబడాలో తెలుస్తుంది. "ప్రభువా, నేను ఘోర పాపిని" అనే ప్రార్థనలో ఉన్న సుఖం ఏమిటంటే, అందులో ఎవరి పేరూ ఉండదు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఈ పరిశోధన దారి తప్పే తీరులు ఇంకో రెండున్నాయి. ఎప్పుడో ఒప్పుకుని సరిచేసుకున్న తప్పును ప్రతి ఏడూ తవ్వి ఏడవడం ఒకటి. సాక్ష్యాల సమయంలో మన తప్పు చెప్పే నెపంతో అవతలివాళ్ళ పరువు తీయడం రెండోది. ఇద్దరి మధ్య జరిగింది ఇద్దరి మధ్యనే తేలాలి.

మొదటి మూడు గళ్ళూ అందరూ నింపుతారు. నాలుగోదే ఖాళీగా ఉంటుంది. ఎంత? ఈ ప్రశ్న దగ్గరే నాకు మంట.

లేవీయకాండం 6వ అధ్యాయం తీయండి. పొరుగువాడి సొత్తు బలాత్కారంగా తీసుకున్నవాడు, దాచమన్నది దిగమింగినవాడు ఏం చేయాలి? అసలు మొత్తం తిరిగిచ్చి, దాని మీద ఐదవ వంతు కలపాలి. ఎప్పుడు? బలి అర్పించే రోజునే. ముందు సొత్తుదారుడి చేతిలో పడాలి, ఆ తర్వాతే యాజకుడు, పొట్టేలు. ఈ ఐదవ వంతు తనంతట తాను ఒప్పుకుని వచ్చినవాడికి. గొర్రెను దొంగిలించి అమ్మేసినా కోసేసినా నిర్గమకాండం 22 ప్రకారం నాలుగింతలు, ఎద్దుకైతే ఐదింతలు. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య తనకు తానే ఒప్పుకున్నాడు గదా, ఐదవ వంతుతో సరిపెట్టుకోవచ్చు. నాలుగంతలు ఇస్తానన్నాడు. గొర్రెదొంగల వరసలో తనే వెళ్ళి నిలబడ్డాడు.

ఇప్పుడు మన సంతకి రండి. ఇది చింతపండు కాలం, ఇప్పపువ్వు కూడా రాలుతోంది. కొండ మీంచి ఒక సవర తల్లి 20 కిలోల చింతపండు బుట్టలో పెట్టుకుని, చీకటితోనే బయల్దేరి వస్తుంది. కాటా మీద 18 చూపిస్తాం. గింజకీ తేమకీ తరుగు తీయడం తప్పు కాదు. ఎంత తీస్తున్నామో ముందు చెప్పి తీస్తే అది బేరం, కాటాలో దాచి తీస్తే దొంగతనం. గింజ తీసిన పండుకి కూడా గింజ తరుగు తీసేవాళ్ళున్నారు, వాళ్ళకేం పేరు పెట్టాలో మీరే చెప్పండి. లెక్క కట్టండి. 2 కిలోలు, కిలో 40 అనుకుంటే 80 రూపాయలు. ఐదవ వంతు 16. మొత్తం 96. పది సంతలైతే 960. ఇదీ నాలుగో గడిలో రాయాల్సిన అంకె.

ధాన్యంలోనూ ఇదే వరస. కొనేటప్పుడు కుంచం మీద గోపురంలా పోత, అమ్మేటప్పుడు అంచుకి గీసి చదును.

"అయ్యా, అది వ్యాపారం, ఇది ఆరాధన" అంటారా? యెషయా 58 చదవండి. ఉపవాస దినాన మీరు మీ వ్యాపారమే చేస్తున్నారు, పనివాళ్ళను పీడిస్తున్నారు అని అక్కడ దేవుడు తిట్టింది ఉపవాసం ఉన్నవాళ్ళనే. కడుపు ఖాళీగా పెట్టుకుని కాటా దగ్గర కూర్చున్నవాళ్ళనే!

ఈ సొమ్ము తిరిగి ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు చెబుతాను, రాసుకోండి. ఆ సవర తల్లిని మీ కొట్టుకి పిలిపించకండి, మీరే వెళ్ళండి. పదిమందిని వెంటేసుకుని, ఫొటోగ్రాఫరుతో వెళ్ళకండి. అంకె చెప్పి, ఎందుకో చెప్పి, డబ్బు చేతిలో పెట్టండి. "క్షమించానని చెప్పు" అని బలవంతపెట్టకండి, అది రశీదు కాదు. మనిషి పోతే పిల్లలకివ్వండి. కానుకల పెట్టెలో వేసి చేతులు దులుపుకోవడం కుదరదు. సొమ్ము పుచ్చుకోవడానికి బంధువు కూడా లేనప్పుడే అది యెహోవాదవుతుందని సంఖ్యాకాండం 5లో ఉంది. ఆమె ఊరు మనకి తెలుసు, ఆమె మేనమామ ఎవరో కూడా తెలుసు.

సవర భాషలో "నాది తప్పు" అనడం మనలో ఎంతమందికి వచ్చు? చేతులెత్తండి. చూశారా! మన పక్క పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. మనకి బేరానికి సరిపడా సవర వచ్చు. అంకెలన్నీ వచ్చు. తప్పు ఒప్పుకోవడానికి మాత్రం దుబాసీ కావాలి. సరే, తీసుకెళ్ళండి.

కాటా సంగతి కూడా చెప్పేస్తాను, అయ్యగారు గడియారం చూస్తున్నారు. ఖాళీ పళ్ళెం సున్నా చూపాలి. ముద్ర ఉన్న 5 కిలోల రాయి నడిమధ్య పెట్టి, తర్వాత నాలుగు మూలల్లోనూ పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా అంకె మారకూడదు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికల శాఖవాళ్ళ చేత ముద్ర వేయించాలి. కాటాని అమ్మేవాళ్ళకి కనబడేలా తిప్పి పెట్టండి.

మూడో భాగం దానధర్మం మిగిలిపోయింది. బాకీ ఉన్నవాళ్ళ ముందు నిలబడి దానం గురించి మాట్లాడటానికి నాకు నోరు రావడం లేదు, వచ్చే వారం ఇంకెవరైనా చెబుతారు. ఈస్టరుకి ముందు ఇంకా రెండు సంతలున్నాయి. పాట మొదలుపెట్టే ముందు, సవర వచ్చినవాళ్ళెవరైనా లేచి నేనిప్పటిదాకా చెప్పింది వెనకున్న తల్లులకి చెప్పండి. అంకెలతో సహా.