డిక్రీ చేతికి వచ్చింది, డబ్బు రాలేదు
(వరంగల్ టోకు వర్తకుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, దీపావళికి కొత్త ఖాతా పుస్తకాలకు పూజ చేసుకొని వచ్చిన తోటి వర్తకులకు నమస్కారం. నన్ను మాట్లాడమని కోరిన అంశం ఉద్దెర వ్యాపారంలో తీసుకోవలసిన జాగ్రత్తలు. ఆ అంశం మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మనం ఏటా ఉద్దెర ఇస్తూనే ఉన్నాం. అందుచేత అధ్యక్షుల అనుమతితో దానిని కొంత పక్కకు జరిపి, ఉద్దెర మునిగి, దావా వేసి, గెలిచి, బాకీ కట్టాలని కోర్టు ఇచ్చిన డిక్రీ కాపీని బీరువాలో పెట్టుకొని కూర్చున్నవారి సంగతి మాట్లాడతాను. అటువంటివారు ఈ హాలులో తక్కువ మంది లేరు. చేతులెత్తమని మాత్రం అడగను, ఎందుకంటే బాకీ పడ్డవారు కూడా ఈ హాలులోనే ఉండవచ్చు.

కోర్టు తీర్పు ఇచ్చిందంటే వసూలు కూడా కోర్టే చేసి పెడుతుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. అది నిజం కాదు. డిక్రీ వచ్చిన తర్వాత మళ్ళీ ఎగ్జిక్యూషన్ పిటిషన్, మన వాడుకలో ఈపీ, వేసుకోవలసింది మనమే. ఏ ఆస్తిని జప్తు చేయాలో, అది ఎక్కడ ఉన్నదో, దాని హద్దులేమిటో రాసి ఇవ్వవలసింది కూడా మనమే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డర్, అంటే 21వ అధ్యాయం, మొత్తం ఈ అమలు గురించే ఉన్నది, అంత పొడవైన ఆర్డర్ ఆ చట్టంలో మరొకటి లేదు. ఈ దేశంలో దావా వేసినవాడి కష్టాలు డిక్రీ చేతికి వచ్చాకే మొదలవుతాయని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, ఆనాటికి మన చివరి అప్పీలు కోర్టు, 1872లోనే అన్నది. ఈపీలను ఆరు నెలల్లో ముగించాలని సుప్రీం కోర్టు 2021లో ఆదేశించింది. అదే సుప్రీం కోర్టు 2025లో లెక్కలు తెప్పించుకొని చూస్తే దేశం మొత్తం మీద 8 లక్షల 82 వేలకు పైగా ఈపీలు పెండింగులో తేలాయి.

ఇక్కడ నా సొంత సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. నేను గోనె సంచులు, సుతిలి, టార్పాలిన్ పట్టాలు అమ్మేవాడిని. పాత కరీంనగర్ జిల్లాలోని ఒక రైసు మిల్లు యజమాని వరుసగా రెండు సీజన్లు సరుకు తీసుకుపోయి, మొదటి సీజన్‌కు సగం ఇచ్చి, రెండో సీజన్‌కు ఫోను ఎత్తడం మానేశాడు. బాకీ 2 లక్షల 80 వేలు. దావా వరంగల్‌లోనే వేశాం, గెలిచాం. తీర్పు వచ్చిన వారానికి అతడు ఒక పెండ్లిలో కనిపించి, అందరూ వింటుండగా, "సేటూ, నువ్వు కాయితం గెలిచినవ్ గని పైసలు గెలువలే" అన్నాడు. ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడలేదు, కాని చట్టం తెలిసిన మనిషి అన్నమాట అది.

అతని ఆస్తి మన కోర్టు పరిధిలో లేదు గనుక డిక్రీని అక్కడి కోర్టుకు బదిలీ చేయించుకోవలసి వచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయి, 2022లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చిన తర్వాత ఈ బదిలీ గొడవ మనకు ఎక్కువైంది, నిన్నటిదాకా ఒకే జిల్లాలో ఉన్న ఖాతాదారు ఇవాళ వేరే కోర్టు కిందికి పోయాడు. సరే, జప్తు ఉత్తర్వు తీసుకొని, దానిని అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీనుతో కలిసి మిల్లుకు పోయాం. గేటుకు తాళం ఉంది, తాళం మీద తుప్పు మాత్రం లేదు. మిల్లు మూతబడిందని యజమాని చెప్పాడు. యంత్రాలు బ్యాంకుకు తాకట్టులో ఉన్నట్టు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆవరణ నిండా వడ్ల బస్తాలున్నాయి, అవి బియ్యం పట్టి ఇవ్వడానికి ప్రభుత్వం అప్పగించిన వడ్లు, వాటిని ముట్టుకోవడానికి లేదు. వాటి మీద కప్పిన పట్టాలు మాత్రం మా దుకాణానివే, అంచుకు మా ముద్ర ఇంకా కనిపిస్తున్నది. కావాలంటే వాటిని జప్తు చేస్తానన్నాడు అమీను. ఎండకు పెళుసెక్కిన పట్టాలను వేలం వేస్తే వచ్చే సొమ్ము వాటిని మోసుకుపోయే ఆటో కిరాయికి కూడా చాలదు. పైగా వాటిని లాగేస్తే, వాన పడితే తడిసేది సర్కారు వడ్లు.

రెండు మాటలన్నాను, కాని ఇది అంత తొందరగా తెగే సంగతి కాదు, మన్నించాలి. ఇటువంటి చోట మనలో పదిమందిలో తొమ్మిదిమంది కోపంతో వకీలు దగ్గరికి పోయి, అరెస్టు వారంటు తెప్పించండి, ఊరందరి ముందు తీసుకుపోవాలి అంటారు. మా ఇంట్లోవారు కూడా అదే అన్నారు. అరెస్టు గురించి నాలుగు నిజాలు చెప్పనివ్వండి. బాకీదారుకు చెల్లించే శక్తి ఉండి కూడా ఎగవేస్తున్నాడనో, ఆస్తిని దాచాడనో మనం రుజువు చేయకపోతే కోర్టు జైలుకు పంపదు. పేదరికం నేరం కాదని సుప్రీం కోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తేల్చింది, ఆ తీర్పు సరైనదని నేనూ ఒప్పుకుంటాను. జైలుకు పంపినా అక్కడ అతని భోజన బత్తా కట్టవలసింది మనమే. గడువు మూడు నెలలు మించదు. బయటికి వచ్చాక అప్పు అలాగే ఉంటుంది గాని, అదే డిక్రీ కింద అతనిని మళ్ళీ జైలుకు పంపడానికి వీలుండదు. డబ్బు బాకీకి స్త్రీలను అరెస్టు చేయడానికి అసలే వీల్లేదు. కొన్ని దుకాణాల బోర్డుల మీద ఉన్నట్టుండి భార్య పేరు ఎందుకు వెలుస్తుందో మీరే ఆలోచించండి.

మా వకీలు గుమాస్తా అరెస్టు సంగతి పక్కన పెట్టి రెండు పనులు చేశాడు. మొదటిది చాలా చిన్నది. మిల్లు బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరును జీఎస్టీ వెబ్‌సైటులో కొట్టి చూశాడు. ఏ నెల రిటర్ను ఏ తేదీన దాఖలైందో అక్కడ ఎవరైనా చూడవచ్చు, పాస్‌వర్డు అక్కరలేదు. మూతబడిందన్న మిల్లు పేరు మీద నెలనెలా రిటర్నులు పోతున్నాయి. రెండోది, 21వ ఆర్డర్‌లోని 41వ రూలు కింద వకీలు చేత పిటిషన్ వేయించాడు. నేను ఇవాళ ఈ వేదిక ఎక్కింది ఈ ఒక్క రూలు గురించి చెప్పడానికే. డబ్బు డిక్రీ వచ్చి 30 రోజులైనా చెల్లింపు జరగకపోతే, బాకీదారు తన ఆస్తుల చిట్టా అంతా ప్రమాణ పత్రం మీద రాసి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. కంపెనీ అయితే దాని అధికారి ఇవ్వాలి. ఆ ఆదేశాన్ని ధిక్కరిస్తే మూడు నెలల వరకు జైలులో ఉంచవచ్చు. బోనెక్కించి, నీకు ఎవరెవరు బాకీ ఉన్నారు, ఆ లెక్కల పుస్తకాలేవి అని విచారించవచ్చు కూడా. ఆస్తి ఎక్కడుందో మనం వెతుక్కుంటూ తిరిగే పని తప్పి, చెప్పవలసిన భారం అతని మీద పడుతుంది. ఇంత పదునైన రూలు పుస్తకంలో ఉండగా, మన దగ్గర ఈపీ అంటే వారంటు తప్ప మరొకటి లేదన్నట్టు నడుస్తున్నది.

అతడు చిట్టా దాఖలు చేశాడు. అందులో సొంత ఇల్లు లేదు, బ్యాంకు ఖాతాలో నాలుగు వేలు చూపించాడు. అప్పుడు మా వకీలు రిటర్నుల తేదీలు ముందు పెట్టి ఒకే ప్రశ్న పదేపదే అడిగాడు. మిల్లు ఆడినప్పుడు బియ్యంతో పాటు తవుడు వస్తుంది కదా, ఆ తవుడు ఎవరికి పోతున్నది? తప్పించుకోవడానికి చాలా చూసి, చివరికి ఒక నూనె ఫ్యాక్టరీ పేరు చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ అతనికి ఇవ్వవలసిన తవుడు డబ్బును 46-ఏ రూలు కింద గార్నిషీ నోటీసుతో, అంటే బాకీదారుకు డబ్బు ఇవ్వవలసినవారికి కోర్టు పంపే నోటీసుతో, కోర్టుకు జమ చేయించాం. అసలు రెండు విడతల్లో వచ్చింది. వడ్డీ కోసం ఈపీ ఇంకా నడుస్తూనే ఉంది, డిక్రీకి 12 ఏళ్ళ ఆయువు ఉన్నది గనుక నాకు తొందర లేదు. పెండ్లిలో ఆ మాట విన్నవారిలో కొందరు ఇక్కడ ఉన్నారు గనుక ఈ సంగతి కూడా విన్నారని సంతోషిస్తున్నాను.

సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం కింద 45 రోజుల్లో చెల్లించకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ వస్తుంది కదా అని ఇందాక ఒక మిత్రుడు అడిగాడు. అది సరుకు తయారుచేసేవారికి, సేవలందించేవారికి. కొని అమ్మే మనకు 2021లో ఉద్యమ్ నమోదు, అంటే ఆ చట్టం కింద చిన్న సంస్థలకు ఇచ్చే నమోదు, ఇచ్చారు గాని అది బ్యాంకు రుణాల వరకే, ఈ వడ్డీ మనకు వర్తించదు. చేనేత జంపఖానాలు నేయించే కొత్తవాడ మిత్రులు మాత్రం దీనిని వదులుకోవద్దు. మనకు మిగిలింది మన బిల్లే. వడ్డీ రేటు, వరంగల్ కోర్టు పరిధి, రెండూ బిల్లు మీద అచ్చు వేయించి ఖాతాదారు సంతకం తీసుకోవాలి. లేకపోతే డిక్రీ తర్వాతి కాలానికి ఆరు శాతంతో సరిపెట్టుకోవలసి రావచ్చు.

మరొక మాట. సరుకు ఎవరికి ఇస్తున్నామో మనకు తెలియదు. ముఖం తెలుసు, ఊరు తెలుసు, తండ్రి పేరు తెలుసు, కాని బిల్లు మీద ఉన్న పేరు సొంత వ్యాపారమా, భాగస్వామ్య సంస్థా, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీయా అని అడగం. కంపెనీ మీద డిక్రీ వస్తే డైరెక్టరు ఇంటి గడప తొక్కలేం. భాగస్వామ్య సంస్థ అయితే, దావా దశలోనే ప్రతి భాగస్వామికీ వేరుగా సమన్లు అందించకపోతే, ఈపీలో అతని సొంత ఆస్తి మీదికి పోవాలంటే కోర్టు నుంచి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి, అక్కడ అతడు నేను భాగస్వామినే కాదని వాదిస్తాడు. దావా వేసేనాడే వకీలుకు ఈ మాట గుర్తుచేయండి, గెలిచాక గుర్తుచేసి లాభం లేదు.

కాబట్టి కార్యవర్గానికి నా కోరిక ఒక్కటే. కొత్త ఖాతా తెరిచేటప్పుడు నింపించుకోవడానికి తెలుగులో ఒక ఫారం రాసి తెచ్చాను. సంస్థ ఏ రకానిది, భాగస్వాములెవరు, జీఎస్టీ నంబరు, ఏ బ్యాంకులో ఖాతా, యంత్రాలు ఎక్కడ తాకట్టు, సరుకు ఎవరికి అమ్ముతారు అనే ప్రశ్నలున్నాయి. ఆఖరి ప్రశ్న అడిగితే ఖాతాదారులు నొచ్చుకుంటారని కొందరు అప్పుడే అంటున్నారు. ఒక్క దుకాణం అడిగితే నొచ్చుకొని పక్క దుకాణానికి పోతారు, అందరం అడిగితే పోవడానికి దుకాణం ఉండదు. ప్రతిని కార్యదర్శి గారికి అందజేస్తున్నాను. మార్పులుంటే భోజనాలకు లేచేలోపు చెప్పండి, ఇవాళే తీర్మానం పెట్టి ఓటుకు వేద్దాం.