హైగేట్ శ్మశానం: మార్క్స్ సమాధి దగ్గరే ఆగిపోకండి

నమస్కారం అండీ. లండన్ వచ్చిన మనవాళ్లు హైగేట్ శ్మశానానికి వెళ్లేది ఎక్కువగా కార్ల్ మార్క్స్ సమాధి కోసమే. ఆ పెద్ద తల విగ్రహం ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. అది తూర్పు భాగంలో ఉంది, 1956లో పెట్టారు. నా మాట విని పడమటి వైపుకి కూడా వెళ్లండి. 1839లో తెరిచిన అసలు శ్మశానం అదే.

అప్పట్లో లండన్ జనాభా విపరీతంగా పెరిగి, చర్చిల దగ్గర పాతిపెట్టడానికి చోటు చాలలేదు. దాంతో ప్రైవేటు కంపెనీలు ఊరి చివర శ్మశానాలు తెరిచాయి. డబ్బున్నవాళ్లు అక్కడ స్థలం కొని దర్జాగా సమాధులు కట్టించుకున్నారు.

లోపల ఈజిప్షియన్ అవెన్యూ అని ఓ దారి ఉంది. రెండు పక్కలా ఇనుప తలుపులు, వాటి వెనక ఒక్కో కుటుంబానికి సమాధి గదులు. తలుపు దగ్గరికెళ్లి చూడండి, దాని మీద కాగడా బొమ్మ తలకిందులుగా ఉంటుంది. ప్రాణం ఆరిపోయిందని గుర్తు. విరిగిన స్తంభం కనిపిస్తే అర్ధాయుష్షుతో పోయారని. గుడ్డ కప్పిన కలశాలైతే ఎటు చూసినా ఉంటాయి. నిజానికి అప్పటికి ఇంగ్లండ్‌లో దహనం అలవాటు లేదు, లోపల అస్థికలేవీ ఉండవు. పాత గ్రీకు, రోమన్ పద్ధతి చూసి రాతిలో చెక్కించుకున్నారు, అంతే.

ఇవన్నీ అందరూ వాడిన గుర్తులే. నన్ను కదలనివ్వనిది టామ్ సేయర్స్ సమాధి. ఆయన గ్లవ్స్ లేకుండా ఉత్త చేతులతో కొట్లాడిన బాక్సర్, 1865లో పోయాడు. అంత్యక్రియల్లో ఆయన పెంపుడు కుక్క లయన్ ఒక బండిలో కూర్చుని వెంట వచ్చింది. ఇప్పుడది రాతి బొమ్మగా సమాధి ముందు పడుకుని ఉంది. ముందు కాళ్లు చాపి, యజమాని పిలిస్తే లేచేలా ఉంటుంది. ఇంకోచోట జంతు ప్రదర్శనలు నడిపిన జార్జ్ వోంబ్‌వెల్ సమాధి మీద ఆయన సింహం నీరో నిద్రపోతుంటుంది. నా మటుకు నాకు సమాధుల మీది దేవదూతల బొమ్మలన్నిటికన్నా ఈ రెండే గొప్ప శిల్పాలు. ఎందుకంటే ఇవి ఆ మనుషులవి మాత్రమే, ఇంకొకరి సమాధి మీద పెడితే అతకవు.

దగ్గరి ట్యూబ్ స్టేషన్ ఆర్చ్‌వే. అక్కడి నుంచి వాటర్లో పార్కు మీదుగా నడవచ్చు, కాస్త ఎత్తు ఎక్కాలి. వాన పడితే దారులు జారతాయి, మంచి బూట్లు వేసుకోండి. ఇక్కడ ఇప్పటికీ ఖననాలు జరుగుతుంటాయి, కాబట్టి వీడియో తీసేటప్పుడు ఎవరైనా ఏడుస్తూ కనిపిస్తే కెమెరా దించేయండి. టైముంటే రెండు వైపులా చూడండి, లేదంటే నా ఓటు పడమటి వైపుకే.