హెక్స్ట్ 33342 రివ్యూ: కణాల్ని చంపింది మందు కాదు!

నమస్తే అండీ. హెక్స్ట్ 33342 అంటే కణాల్లోని డీఎన్ఏకి పట్టి, మైక్రోస్కోప్ కింద వెలిగే రంగు. ముందే చెప్పేస్తున్నా, ఈ సీసా కంపెనీవాళ్లు ఉచితంగా పంపిన శాంపిల్. డబ్బులేమీ ఇవ్వలేదు. 350 నానోమీటర్ల దగ్గర కాంతి తీసుకుని 461 దగ్గర నీలంగా వెలుగుతుంది, డీఎన్ఏ మెలికల్లో ఉండే సన్నటి గాడిలో (మైనర్ గ్రూవ్) అతుక్కుంటుంది... ఇవన్నీ డేటాషీట్‌లో చూసే ఉంటారు, వదిలేద్దాం.

నాకు నచ్చిందల్లా ఒక్కటే. బతికున్న కణంలోకి దానంతటదే వెళ్లిపోతుంది. ఇంతకుముందు వాడిన ప్రొపిడియం అయోడైడ్ అనే రంగు బతికున్న కణం గడప దాటదు. కణాల్ని ఫిక్స్ చెయ్యాలి (అంటే రసాయనంతో చంపి ఉన్నవున్నట్టు నిలబెట్టాలి), ఆర్ఎన్ఏకి కూడా అంటుకుంటుంది కాబట్టి దాన్ని ముక్కలు చేసే ఆర్ఎన్ఏజ్ ఎంజైము వెయ్యాలి... అబ్బో! ఇక్కడ హీలా కణాల (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) మీద మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము వేసి, టీ తాగి వచ్చేసరికి కేంద్రకాలన్నీ నీలం.

ఇదిగో, స్క్రీన్ చూడండి. ఈ మూలన నున్నగా ఉన్నది మామూలు దశ, అంటే విభజన జరగని కణం. పక్కదాంట్లో క్రోమోజోములు గీత గీసినట్టు బారులు తీరాయి. కింద చూశారా? రెండు వైపులకి కాదు, మూడు వైపులకి లాగుతోంది! క్యాన్సర్ కణాల్లో ఇలాంటి గందరగోళం కనిపిస్తూనే ఉంటుంది. అసలు హీలాలో మామూలు మనిషి కణంలోలా 46 కాదు, సాధారణంగా 76 నుంచి 80 క్రోమోజోములు. ఆవగింజల్లా ముక్కలై మెరుస్తోందే, అది చచ్చిపోతున్న కణం.

ఇక నా గోడు. ఒక మందు పరీక్షిస్తూ రాత్రంతా టైమ్‌లాప్స్ పెట్టా, ఐదు నిమిషాలకో ఫొటో. పొద్దున చూస్తే కణాలన్నీ ముడుచుకుపోయాయి. మందు బ్రహ్మాండంగా పనిచేసిందని మా గైడ్‌గారికి ఫోన్ కూడా చేసేశా. ఆయన ఒక్కటే అడిగారు: "మందు వెయ్యని వెల్ (ప్లేటులోని గుంట) చూశావామ్మా?" చూశా. అక్కడా అంతే! ప్లేటు కాస్త జరిపి కాంతి పడని చోట చూస్తే మాత్రం హాయిగా విభజన జరుగుతోంది. రంగు పట్టిన డీఎన్ఏ మీద పదే పదే అతినీలలోహిత కాంతి కొట్టి నేనే చంపా. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇంకోటి, స్టాక్ (నిల్వ ఉంచుకునే గాఢ ద్రావణం) నీళ్లలోనే కలపండి. ఫాస్ఫేట్ బఫర్‌లో గాఢంగా కలిపితే అడుగుకు దిగిపోతుంది. గ్లవ్స్ మర్చిపోకండి, డీఎన్ఏకి అతుక్కునే రంగు ఇది.

ఒకటి రెండు ఫొటోలు చాలంటే కళ్లు మూసుకుని కొనేయండి. రాత్రంతా సినిమా తియ్యాలంటే మాత్రం వద్దు. ఎరుపు కాంతితో పనిచేసే సిర్-హెక్స్ట్ అనే డీఎన్ఏ రంగు 2015లోనే వచ్చింది. దాని శాంపిల్ మాత్రం నాకెవరూ పంపలేదు. ధర చూసి ట్యాబ్ మూసేశా.