పీట్రేస్ పూడికతీత: కర్నెల్‌లో ఏది తీయవచ్చు, ఏది ముట్టకూడదు

[తెర మీద: టెర్మినల్, పక్కపక్కన రెండు కిటికీలు]

నమస్కారం. నల్గొండలోని మా గదిలో కూర్చొని ఈ వీడియో చేస్తున్నాను. పీట్రేస్ అంటే ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) మరొకదానిని ఆపి, లోపల చూడటానికి లినక్స్ కర్నెల్ ఇచ్చే సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రాములు కర్నెల్‌ను సాయం అడిగే ద్వారం. దాని కోడ్‌ను ఏళ్ళ తరబడి ఎలా శుభ్రం చేశారో చూద్దాం. ఎడమ కిటికీలో స్లీప్ 1000 అనే ఆదేశం నడుస్తున్నది. వెయ్యి సెకన్లు ఏమీ చేయకుండా పడుకోవడమే దాని పని. దాని ప్రాసెస్ సంఖ్య 4127. కుడి కిటికీలో ప్రాక్ డైరెక్టరీ కింద ఆ సంఖ్య గల ఫోల్డర్‌లోని స్టేటస్ ఫైలును తెరిచాను. ఇందులో మనకు మూడు వరుసలు చాలు. స్టేట్ దగ్గర ఎస్ అని ఉన్నది, అంటే నిద్ర. పీపిడ్ దగ్గర 4010 ఉన్నది, అది దీనిని పుట్టించిన షెల్. ట్రేసర్‌పిడ్ దగ్గర సున్నా ఉన్నది, అంటే దీనిని ఎవరూ గమనించడం లేదు.

ఇప్పుడు ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే జీడీబీ అనే డీబగ్గర్‌ను ఈ ప్రాసెస్‌కు తగిలిస్తాను, అంటే అటాచ్ చేస్తాను. మీ ఉబుంటులో ఇదే పని చేస్తే అనుమతి లేదని రావచ్చు. ఒక ప్రాసెస్ తన సంతానాన్ని తప్ప ఇతరులను ట్రేస్ చేయకుండా యామా అనే భద్రతా మాడ్యూల్ అడ్డుపడుతుంది కనుక సుడో పెట్టి, అంటే రూట్ అధికారంతో, నడపండి. మా ల్యాబ్‌లో ఒక విద్యార్థి ఈ సందేశం చూసి, జీడీబీయే పాడైందనుకొని మొత్తం సిస్టమ్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు.

[తెర మీద: అదే స్టేటస్ ఫైలు, రెండవసారి]

మళ్ళీ చూడండి. స్టేట్ దగ్గర చిన్న టీ వచ్చింది, పక్కన ట్రేసింగ్ స్టాప్ అని ఉన్నది. ట్రేసర్‌పిడ్ దగ్గర జీడీబీ సంఖ్య వచ్చింది. పీపిడ్ మాత్రం 4010గానే ఉన్నది. ఈ పీపిడ్ వరుస మారకపోవడం మామూలు సంగతిలా కనిపిస్తుంది కానీ, కర్నెల్ లోపల ఈ ప్రాసెస్‌కు ఇప్పుడు ఇద్దరు తల్లులు. ప్రతి ప్రాసెస్ వివరాలను ఉంచే టాస్క్ స్ట్రక్ట్‌లో రియల్ పేరెంట్ అని ఒకటి, పేరెంట్ అని ఒకటి రెండు గుర్తులు ఉంటాయి. మొదటిది కన్నవారిని చూపుతుంది, రెండవది ప్రస్తుతం కబురు అందవలసినవారిని చూపుతుంది. ట్రేస్ జరగనంత కాలం రెండూ ఒక్కరినే చూపుతాయి. జీడీబీ తగిలిన క్షణాన రెండవది జీడీబీ వైపు తిరుగుతుంది.

ఎందుకిలా చేశారంటే, బిడ్డ చనిపోయిందో ఆగిందో తెలుసుకోవడానికి తల్లి వాడే వెయిట్ అనే సిస్టమ్ కాల్‌నే, తన చేతిలోని ప్రాసెస్ ఆగిందో లేదో తెలుసుకోవడానికి ట్రేసర్ (జీడీబీలా గమనించే ప్రాసెస్) కూడా వాడుతుంది. యూనిక్స్ కాలం నుంచి వచ్చిన ఈ సర్దుబాటులో ట్రేసర్‌ను తాత్కాలికంగా తల్లి స్థానంలో కూర్చోబెట్టారు. పీట్రేస్‌లోని చిక్కుల్లో చాలా వరకు ఇక్కడి నుంచే మొదలయ్యాయని నేను అనుకుంటాను.

2008కి ముందు ఈ సర్దుబాటు మరీ గజిబిజిగా ఉండేది. అటాచ్ చేయగానే ఆ ప్రాసెస్‌ను కన్నతల్లి పిల్లల జాబితా నుంచి తీసి ట్రేసర్ పిల్లల జాబితాలో చేర్చేవారు. కన్నతల్లి మరిచిపోకుండా ఆమె దగ్గర ఇంకొక జాబితాలో దాని పేరు రాసి ఉంచేవారు. అంటే పిల్లల జాబితాను చదివే ప్రతి చోటా, ఈ బిడ్డ కన్నదా, కాపలాకు తెచ్చుకున్నదా అని కోడ్ తనను తాను ప్రశ్నించుకోవలసి వచ్చేది. పాలమూరు పిల్లలమర్రి కింద నిలబడి ఏ ఊడ ఏ కొమ్మ నుంచి దిగిందో చెప్పమన్నట్లు ఉండేది వ్యవహారం. ఆ ఏడాది కర్నెల్ డెవలపర్ రోలాండ్ మెక్‌గ్రాత్ దానిని విడదీశారు: పిల్లల జాబితాలో కన్న పిల్లలే ఉంటారు, ట్రేస్ అవుతున్నవారికి ట్రేసర్ దగ్గర వేరే జాబితా. 2.6.27 వెర్షన్‌లో చేరిన ఈ మార్పు వల్ల బయట జీడీబీ వాడేవారికి వీసమెత్తు తేడా కూడా తెలియలేదు.

ఈ సంబంధం లెక్కలో చిన్న పొరపాటు జరిగినా మూల్యం పెద్దదే. 2019లో బయటపడిన సీవీఈ-2019-13272 అనే భద్రతా లోపంలో, పీట్రేస్ సంబంధం కలిపే చోట ఎవరి అధికారాలను నమోదు చేయాలన్నది తప్పడం వల్ల, మామూలు యూజర్ రూట్ అధికారం సంపాదించగలిగే దారి ఏర్పడింది. 5.1.17 వెర్షన్‌లో దానిని మూసివేశారు.

[తెర మీద: చెరువు తూము బొమ్మ, చేత్తో గీసినది]

ఇక్కడ ఒక మాట మన ఊళ్ళ భాషలో చెప్పుకోవాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మన చెరువుల పూడిక తీయడం మీలో చాలామంది చూసే ఉంటారు. చెరువు లోపల ఎంత మట్టి అయినా తీయవచ్చు, తీసిన ఒండ్రును చేలకు తోలుకోవచ్చు. కానీ ఎవరినీ అడగకుండా తూము మట్టం మారిస్తే కింద ఆయకట్టు రైతుకు నీళ్ళు అందవు. కర్నెల్‌కు తూము అంటే సిస్టమ్ కాల్. జీడీబీ, ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాము చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే సాధనం) వంటివి ఆ మట్టాన్ని నమ్ముకొని రాసినవి. అక్కడి వంకర కూడా వాటి లెక్కలో ఒక భాగమే.

ఆ వంకరకు మంచి ఉదాహరణ పాత అటాచ్. అటాచ్ చేసినప్పుడు కర్నెల్ ఆ ప్రాసెస్‌కు ఒక సిగ్‌స్టాప్ సిగ్నల్ పంపి ఆపుతుంది. ట్రేసర్ దాని కోసం వేచి ఉండి, అది తన కోసం వచ్చిందేనని తీసుకొని మింగేయాలి. సరిగ్గా అదే క్షణంలో ఇంకెవరైనా నిజంగానే ఆ ప్రాసెస్‌ను ఆపాలని సిగ్‌స్టాప్ పంపారనుకుందాం. ఒకే రకపు సిగ్నళ్ళు రెండు వస్తే వరుసలో నిలబడవు, కలిసి ఒక్కటైపోతాయి. ట్రేసర్ ఆ ఒక్కదానిని మింగేస్తే అసలు ఆపమన్న ఆజ్ఞ మాయమవుతుంది. దీనిని పీట్రేస్ మాన్యువల్ పేజీ కూడా రూపకల్పనలోని లోపంగానే ఒప్పుకుంటుంది.

అయితే అటాచ్‌ను సవరించలేదు. సవరిస్తే, ఆ సిగ్‌స్టాప్ వస్తుందని నమ్మి వేచి ఉండే ప్రోగ్రాములన్నీ అక్కడే నిలిచిపోతాయి. అందుకని తేజున్ హియో 2011లో మొదలుపెట్టిన పనిలో పక్కనే కొత్త తూము కట్టారు. సీజ్ అనేది ప్రాసెస్‌ను ఆపకుండానే పట్టుకుంటుంది. ఆపాలంటే ఇంటరప్ట్ అనే వేరే ఆదేశం ఉన్నది. అప్పటికే ఆగి ఉన్న ప్రాసెస్‌ను కదిలించకుండా అలాగే గమనిస్తూ ఉండటానికి లిసన్ ఉన్నది. 2012లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి ఇవి స్థిరపడ్డాయి, ఎస్‌ట్రేస్ వీటిని వాడుతుంది, పాత అటాచ్ కూడా తన లోపంతో సహా అలాగే ఉన్నది.

ఇక పూర్తిగా తీసిపారేసిన పూడిక సంగతి. పీట్రేస్ స్థానంలో యూట్రేస్ అనే మెరుగైన అడుగుభాగం తేవాలన్న ఆలోచనతో 2008లోనే ట్రేస్‌హుక్ అనే హెడర్ ఫైలును ముందుగా చేర్చారు. యూట్రేస్ ప్రధాన కర్నెల్‌లోకి రానేలేదు, దాని కోసం వేసిన పునాది మాత్రం మిగిలింది. సిస్టమ్ కాల్ మొదట్లో పిలిచే ట్రేస్‌హుక్ ఫంక్షన్ లోపల చూస్తే, పీట్రేస్‌కు కబురు చెప్పమనే ఒక్క వరుస తప్ప మరేమీ ఉండేది కాదు. ఇంకొక ఫంక్షన్ దీనికి పూర్తిగా ఎదురు: పేరులో ట్రేస్ ఉన్నా, యూజర్ ప్రోగ్రాముకు తిరిగి వెళ్ళే ముందు తీర్చవలసిన బాకీ పనులన్నీ అందులో పోగయ్యాయి, వాటికి ట్రేసింగ్‌తో సంబంధమే లేదు. కొత్తగా కోడ్ చదివేవారికి మొదటిది వృథా నడక, రెండవది తప్పుదారి. ఈ రెండింటిలో నాకు రెండవదే ఎక్కువ హానికరమనిపిస్తుంది. 2022లో 5.18 వెర్షన్‌కు ఎరిక్ బీడర్‌మన్ మొదటి రకం వాటికి పీట్రేస్ పేరు పెట్టి, రెండవదానిని యూజర్ మోడ్‌కు తిరిగి వెళ్ళేటప్పటి పని అనే అర్థమున్న పేరుతో వేరే హెడర్‌కు మార్చి, ట్రేస్‌హుక్ ఫైలునే తొలగించారు. పధ్నాలుగేళ్ళు పట్టింది.

[తెర మీద: టాస్క్ స్ట్రక్ట్‌లోని స్టేట్, జాబ్‌కంట్రోల్ అనే రెండు గడులు]

ఆ వెంటనే 5.19లో జరిగిన పని ఇంకా సున్నితమైనది. ట్రేసర్ ఆగి ఉన్న ప్రాసెస్ రిజిస్టర్లను (సీపీయూలో దాని తాజా విలువలను) చదువుతుండగా, మధ్యలో చంపే సిగ్నల్ సిగ్‌కిల్ వచ్చి అది లేచిపోతే చదివినదానికి అర్థం ఉండదు. అందుకని అంతకుముందు కర్నెల్ ఆ కాసేపూ ప్రాసెస్ స్టేట్ గడిలోకి బయటి నుంచి చేయి పెట్టి, చంపే సిగ్నల్‌కు లేవమనే బిట్‌ను తీసివేసి, పని అయ్యాక తిరిగి పెట్టేది. సాధారణంగా ఆ గడిని ఎవరిది వారే రాసుకోవాలి. ప్రీఎంప్ట్ ఆర్‌టీలో (కచ్చితమైన సమయానికి స్పందించేలా చేసే కర్నెల్ రూపంలో) స్పిన్‌లాక్ అనే తాళం కోసం ఆగినప్పుడు ప్రాసెస్ తన అసలు స్టేట్‌ను పక్కన దాచుకొని తాత్కాలికంగా మరొకటి రాసుకుంటుంది కనుక, అదే సమయంలో బయటివారు రాసిపోతే లెక్క తప్పుతుంది. సవరణలో స్టేట్ జోలికి పోకుండా, జాబ్‌కంట్రోల్ గడిలో స్తంభింపజేశాం అని చెప్పే ఒక ఫ్లాగ్ పెట్టారు. లేపే కోడ్ ఆ ఫ్లాగ్‌ను చూసుకుంటుంది. వరుసల లెక్కలో ఇది చిన్నదే, కానీ ఆ గడి ఎవరిదో తేల్చింది. ప్రీఎంప్ట్ ఆర్‌టీ చివరికి 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన కర్నెల్‌లో చేరింది.

మీరు స్వయంగా చూడాలనుకుంటే కర్నెల్ సోర్సులో కర్నెల్ ఫోల్డర్ కింద ఉన్న పీట్రేస్ ఫైలుకు గిట్ లాగ్ (మార్పుల చరిత్ర) తీసి, ఈ మార్పుల వివరణలను చదవండి. కోడ్ కంటే ముందు వివరణ చదివితే దేనిని కావాలని వదిలేశారో అర్థమవుతుంది. కర్నెల్‌ను పరీక్షించే సెల్ఫ్‌టెస్ట్‌లలో పీట్రేస్ పేరుతో ఒక ఫోల్డర్ ఉన్నది, ఏదైనా మార్చి చూసేవారు ముందు దానిని నడపాలి.

[తెర మీద: మళ్ళీ రెండు కిటికీలు]

స్లీప్‌ను అలాగే వదిలేశాము. జీడీబీలో డిటాచ్ అంటున్నాను. స్టేటస్ ఫైలులో చిన్న టీ పోయి ఎస్ వచ్చింది, ట్రేసర్‌పిడ్ సున్నా అయింది, పీపిడ్ 4010.